ఆల్టో పార్టు పట్టుబడటం లేదు, క్వయర్ మానేయనా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది గుంటూరు, బ్రాడీపేట. అబ్బాయి చదువుకని హైదరాబాద్ వెళ్లాక ఇల్లు బోసిపోయి, నవంబరు మొదట్లో మా చర్చి క్వయర్‌లో చేరాను. ఆల్టోలో, అంటే ఆడవాళ్లలో కింది స్థాయిలో పాడే గుంపులో నిలబెట్టారు. ఎంత జాగ్రత్తగా ఉన్నా పై స్థాయిలో పాడే సోప్రానోలోకే జారిపోతున్నాను. పక్కావిడ నావైపు అదోలా చూస్తారు. మాస్టారు ‘కాస్త తగ్గించి పాడండమ్మా’ అన్నారు. మావారేమో ‘ఈ వయసులో ఎందుకిదంతా’ అంటున్నారు. మానేద్దామనిపిస్తోంది.

జవాబు: క్రిస్మస్ అయ్యేదాకా ఆ ఆలోచన పక్కన పెట్టండి. మీరు చేరిన సమయం అలాంటిది. డిసెంబరు పాటలు తరుముతుంటే కొత్తవాళ్లను కూర్చోబెట్టి నేర్పే తీరిక ఏ మాస్టారికీ ఉండదు.

జారిపోవడం మీ గొంతు లోపం కాదు, అలవాటు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అందరూ ఒకే వరసలో పాడతారు, రాగతాళాలు పుస్తకంలోనే ఉంటాయి. నాలుగు పార్టుల పాట అలా కాదు, నాలుగు గుంపులు ఒకేసారి నాలుగు వేర్వేరు వరసల్లో పాడతాయి. చిన్నప్పటి నుంచి మీ నోట్లో నానిన ట్యూన్ సాధారణంగా సోప్రానోదే. ఆల్టో దాని కిందుగా, ఒక్కోసారి నాలుగైదు మాటలు ఒకే స్వరం మీద నడుస్తుంది. విడిగా వింటే అసలు పాటలాగే అనిపించదు. అందుకే బాగా తెలిసిన పాటలోనే ఎక్కువ తప్పుతారు.

కీబోర్డు వాయించేవారిని అడిగి ఆల్టో పార్టు ఒక్కటే ఫోన్లో రికార్డు చేసుకోండి. రోజుకు పది నిమిషాలు, రెండేసి లైన్లు చాలు. మొదట మాటల్లేకుండా ‘లా లా’ అని పాడండి. మాటలు రాగానే పాత ట్యూన్ లాక్కుపోతుంది. స్వరం నిలిచాకే మాటలు కలపండి. చివర్లో ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టి, అసలు పాట వింటూ మీ పార్టు పాడండి. చాలామందికి లైను మొదటి స్వరం దగ్గరే పోతుంది, అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టుకోండి.

సోప్రానోల పక్కన అంచున నిలబడకండి. గట్టిగా పాడే ఆల్టో మీ వెనక ఉండేలా లోపలికి జరగండి. ‘తగ్గించి పాడండి’ అనేది కొత్తవాళ్లకు మామూలుగా పడే మాటే. పక్కవాళ్ల గొంతు మీకు వినపడకపోతే మీది ఎక్కువైనట్టు. రాని పాటల్లో ఊరుకుంటానని మాస్టారికి ముందే చెప్పండి. పక్కావిడతో ‘అక్కా, తప్పినప్పుడు చెయ్యి తట్టండి’ అనండి, ఆ చూపులు చాలావరకు తగ్గుతాయి.

ప్రాక్టీసుకు ముందు మిర్చి బజ్జీలు వద్దు (గుంటూరులో ఇంతకు మించి చెప్పే ధైర్యం మాకు లేదు). గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఇక మీవారి సంగతి. వయసు గురించి ఆయనతో వాదించకండి. ఏయే రోజులు, ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వస్తారో చెప్పండి. క్రిస్మస్ తర్వాత వారానికి ఎన్ని రోజులో మాస్టారిని అడిగి, అదీ చెప్పండి. చాలా ఇళ్లలో గొడవ పాట మీద కాదు, రాత్రి భోజనం వేళ మీద. కూర చేసి పెట్టి వెళ్తే అన్నం వడ్డించుకోవడం ఆయనకు రాని విద్యేం కాదు. అయితే అబ్బాయి లేని ఇల్లు ఆయనకూ బోసిగానే ఉండి ఉంటుంది, పైకి అనరంతే. ప్రాక్టీసు అయ్యే వేళకు బండి మీద రమ్మనండి. ఓ పావుగంట ముందే రమ్మంటే నాలుగు పాటలు ఆయన చెవిన కూడా పడతాయి.