టార్గెట్‌కి రెండు వైపులు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మార్చి 31 రాత్రి ఆ ఇన్సూరెన్స్ ఏజెంటు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోతాడే, అక్కడ మాత్రం పెన్సిల్ పక్కన పెట్టేశాను. అది నువ్వు కళ్ళారా చూసి రాసిందే. (మీ నాన్నగారేనా? సరే, చెప్పనక్కర్లేదులే.)

ఇక నా పేచీ. మూడో పేజీలో “టార్గెట్ అతనికి అందని చందమామ అయింది” అన్నావు. ఐదో పేజీలో “మీటింగులో అందరూ అతన్నే టార్గెట్ చేశారు” అన్నావు. మొదటిచోట బాణం అతని చేతిలో ఉంది. రెండోచోట అతని ఒంట్లో దిగింది. మాట మాత్రం ఒక్కటే. ఇది గమనించే రాశావా, అలవాటుగా చేతికి వచ్చేసిందా? అలవాటే అనుకుంటున్నాను. గమనించి ఉంటే ఆ చందమామ వచ్చేదే కాదు.

ఒక పని చెయ్యి. విలువిద్య నేర్పే మైదానానికి ఒక సాయంత్రం వెళ్ళిరా. విజయవాడలోనే ఉన్నావు, వెన్నం జ్యోతి సురేఖ ఊరు, వెతుక్కోనక్కర్లేదు. ఆమె ఆడే కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో టార్గెట్ 50 మీటర్ల దూరాన ఉంటుంది. నడిమి పది పాయింట్ల వలయం 8 సెంటీమీటర్లు. అంటే వీధి ఆ చివర ఎవరో కమలాపండు పట్టుకుని నిలబడితే, ఈ చివర నుంచి దాన్ని కొట్టాలన్నమాట. అయితే నేను వెళ్ళిన రోజు నా మనసులో ఉండిపోయింది బాణం కాదు, కాగితం. పొద్దున అంటించిన కొత్త కాగితం సాయంత్రానికి నడుమ పసుపు పూర్తిగా చినిగి, వెనకాల గడ్డి బయటపడింది. చుట్టూ ఉన్న నీలం రంగు మాత్రం కొత్తగానే ఉంది. పిల్లలు ఒక అరచేత్తో కాగితాన్ని అదిమిపట్టి, రెండో చేత్తో బాణాన్ని తిన్నగా వెనక్కి లాగుతున్నారు. అలా అదమకపోతే బాణంతోపాటు కాగితమూ ఊడొస్తుందట. నీ ఏజెంటును మీటింగులో నిలబెట్టేముందు ఆ పసుపు వలయాన్ని ఒకసారి తలుచుకో. ఎక్కువ పాలసీలు తెచ్చేవాడి మీదే వచ్చే ఏడాది ఎక్కువ బరువు పడుతుంది కదా.

ఇంకో సంగతి చెబితే నవ్వుతావు. ఆ మాటకు ఇంగ్లీషులో మొదట ఉన్న అర్థం డాలు. ఫ్రెంచివాళ్ళు డాలును టార్జ్ అనేవారు, దాని చిన్నపిల్లే టార్గెట్. స్కాట్లాండు కొండప్రాంతపు యోధులు 1746లో కలోడెన్ యుద్ధం దాకా పట్టిన గుండ్రటి తోలుడాలు పేరు కూడా టార్జే. బాణం గుచ్చుకోకుండా కాపాడాల్సిన వస్తువు, 18వ శతాబ్దం నాటికి బాణం గుచ్చుకోడానికే నిలబెట్టిన వస్తువైపోయింది. గుండ్రంగా, వలయాలు వలయాలుగా ఉండటమే రెంటికీ పోలిక కావచ్చు. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో బాణమూ పోయింది, గడ్డీ పోయింది. టన్నులు, రూపాయలు, తేదీలు మిగిలాయి.

మాట అర్థం ఇలా పక్కకు జరగడానికి మన ఆలంకారికులు (కావ్యశాస్త్రం రాసినవాళ్ళు) ఎప్పుడో పేరు పెట్టారు. మాట నేరుగా చెప్పేది వాచ్యార్థం. అది పొసగనప్పుడు, దానికి సంబంధమున్న మరో అర్థం తీసుకుంటే లక్ష్యార్థం. ఆ పేరులోనే లక్ష్యం ఉంది, చూశావా! అలా తీసుకోడానికి రెండే కారణాలు ఒప్పుకున్నారు వాళ్ళు: రూఢి, అంటే వాడుకలో స్థిరపడిపోవడం, లేకపోతే ప్రయోజనం. కుశలుడు అంటే అసలు దర్భలు కోసి తెచ్చేవాడు. ఇప్పుడు ఆ మాటకు నేర్పరి అనే అర్థం, ఎవరికీ దర్భ గుర్తుకురాదు. అది రూఢి. “గంగలో పల్లె” అంటే పల్లె నీళ్ళలో ఉందని కాదు, ఒడ్డునే ఉంది. కానీ “ఒడ్డున” అంటే రాని చల్లదనం, పవిత్రత “గంగలో” అంటే వస్తాయి. అది ప్రయోజనం. మీ నాన్నగారి ఆఫీసులో “ఈ నెల టార్గెట్ అయిందా?” అంటే రూఢి, దాన్నలాగే వదిలెయ్. సంభాషణలో పెట్టు, అందంగా ఉంటుంది. దాన్ని “లక్ష్యం నెరవేరినదా” అని మార్చావో, ఆ మేనేజరు రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంటుంది. రూఢి మాటకు చందమామను తగిలించడం మాత్రం కుశలుడి చేతికి కొడవలి ఇచ్చినట్టే.

రూఢి మాట చచ్చిన మాట అనుకోకు, మన స్పోర్ట్స్ పేజీ చూడు. ఇంగ్లీషువాడు రెండో ఇన్నింగ్సును వెంటాడటం అంటాడు. తెలుగు విలేకరి “లక్ష్య ఛేదన” అన్నాడు. పరిగెత్తేవాళ్ళను తీసుకొచ్చి మత్స్యయంత్రం కింద నిలబెట్టేశాడు! 1983 ఫైనల్లో మనవాళ్ళు చేసింది 183, వెస్టిండీస్ లక్ష్యం 184. కొట్టాల్సింది ఎప్పుడూ అవతలివాడి స్కోరు కంటే ఒకటి ఎక్కువ. ఆ ఒక్క పరుగు ఏజెంటు కథలోనూ పనికొస్తుంది, ఆలోచించు.

కథను ఎటు నడపాలో నాకు తోచింది చెబుతాను. ఎమర్జెన్సీ రోజుల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ప్రభుత్వ ఉద్యోగులకు టార్గెట్లు పెట్టారు. పైనుంచి ఉద్యోగికి అది అంకె. ఆ ఉద్యోగి తలుపు తట్టిన ఇంట్లో మాత్రం టార్గెట్ మనిషే. అవే టార్గెట్లను కేంద్రం 1996లో ఎత్తేసింది. అంకెను వెంటాడే మనిషి ఇంకో మనిషిని గురిపెట్టక తప్పని చోట ఈ మాట రెండు వైపులా ఒకేసారి కనిపిస్తుంది. నీ కథలోనూ అలాంటి చోటుంది, నువ్వు చూడకుండా దాటేశావు. నాలుగో పేజీలో ఏజెంటు పాలసీ కట్టమని ఎవరి దగ్గరికి వెళ్ళాడు? భర్త పోయిన మేనత్త దగ్గరికి. ఆవిడ కాఫీ ఇచ్చింది, సంతకం పెట్టింది, రెండు వాక్యాల్లో ముగించావు. అక్కడ ఆగాలమ్మా. ఆవిడ ఏ డబ్బులోంచి కడుతుంది? సంతకం పెడుతూ ఆవిడ ఏమంది? ఐదో పేజీలో మీటింగు దెబ్బలు ఆ కాఫీ తర్వాతే బరువెక్కుతాయి.

ఆవిడ చేత మన మాటే అనిపించు. గురి అన్నది ఇంగ్లీషు మాట కంటే వింత మాట. గురి చూస్తాం, గురి తప్పుతుంది, అవమానానికి గురవుతాం. ఇవి అక్కడా ఉన్నాయనుకో. కానీ “ఆ డాక్టరు మీద నాకు గురి” అంటామే, ఆ నమ్మకం టార్గెట్‌లో ఎంత వెతికినా దొరకదు. “నీ మీద గురితోనే పెడుతున్నాన్రా సంతకం” అని మేనత్త అంటే చాలు. ఆ పక్కన వ్యాఖ్యానం రాయకు, ఉపమానం అసలే వద్దు.

ఐదో పేజీలో “టార్గెట్ చేశారు” ఉంచు. చందమామను కొట్టెయ్. ఉగాదిలోపు తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు, శుక్లాల ఆపరేషన్ ఇంకా చేయించుకోలేదు నేను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు