హెడ్‌లైట్లు పసుపెక్కితే ఇంట్లో రుద్దుకోవాలా, షాపుకివ్వాలా?

పదేళ్ల కారు, హెడ్‌లైట్లు మసకబారి రాత్రిపూట రోడ్డు ఆనడం లేదు, ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చండీ. కానీ రుద్దడం సగం పనే. రుద్దాక పైన వేసే పూతే అసలు పని.

మా వ్యాగన్ఆర్ విజయవాడలో ఏళ్ల తరబడి ఎండలోనే ఉండేది. మొదట టూత్‌పేస్టుతో రుద్దాను. తళతళా మెరిసింది, మూడు వారాలకే మళ్ళీ పసుపు. తర్వాత ఒక షాపులో 1,200 ఇచ్చి మెషీన్‌తో పాలిష్ పట్టించాను. కొత్త కారులా అనిపించింది. నాలుగు నెలలు తిరక్కుండానే ముందుకన్నా ఎక్కువ మసక. వెళ్లి అడిగితే, "మేం వేసింది పాలిషేనండి, కోటింగ్ వేరే" అన్నారు. చాలా బాధేసింది, ముందే చెప్పి ఉంటే ఆ కోటింగే వేయించుకునేవాణ్ణి కదా.

ఈ హెడ్‌లైట్లు గాజువి కావు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌వి. ఎండ దెబ్బ తగలకుండా ఫ్యాక్టరీలోనే పలుచని పూత వేస్తారు. అది పాడైతేనే పసుపు రంగు వస్తుంది. గట్టిగా రుద్దితే మిగిలిన కాస్త పూతా పోయి, ప్లాస్టిక్ నేరుగా ఎండకు దొరుకుతుంది.

మూడోసారి నేనే చేశాను. చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేప్ అంటించి, నీళ్లు చల్లుతూ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) 800, 1500, 2000, 3000 వరుసగా పట్టాను. 800 పట్టగానే లైటు పాలలా తెల్లబడుతుంది, టెన్షన్ పడకండి. ముందు నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతది పట్టకండి, నాకు ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. చివర్లో రబ్బింగ్ కాంపౌండ్ (మెరుగుపెట్టే పేస్టు), శుభ్రంగా తుడిచి ఆరాక యూవీ పూత, అంటే ఎండ దెబ్బను ఆపే పూత. ఆ రోజంతా కారు తడవనివ్వలేదు. రెండేళ్లయింది, ఇప్పటికీ బాగున్నాయి.

హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే టూకే క్లియర్‌కోట్, అంటే రెండు ద్రవాలు కలిపి వేసే పారదర్శక పూత, ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. కానీ ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో వద్దు. అది కావాలంటే షాపుకే ఇవ్వండి. ఇచ్చేముందు "పాలిష్ తర్వాత ఏ పూత వేస్తారు, ఎన్నాళ్లు గ్యారంటీ?" అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.

ఒకసారి లోపలివైపు కూడా చూడండి. తేమ చేరినా, పగుళ్లున్నా పైన ఎంత రుద్దినా లాభం లేదు, సీలు బాగుచేయించాలి లేదా లైటే మార్చాలి.