పొట్ట కుట్ల దగ్గర ఉబ్బు.. రక్తనాళం మళ్లీ పాడైందా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. పొట్టలో పెద్ద రక్తనాళం అయోర్టా ఉబ్బిందని ఎనిమిది నెలల క్రితం ఓపెన్ ఆపరేషన్ చేశారు. ఈమధ్య బొడ్డుకు పైన, కోత మచ్చ మీదే నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తోంది. దగ్గితే పెద్దదవుతుంది, పడుకుంటే పోతుంది. నొప్పి లేదు. ఆపరేషన్ సరిగా చేయలేదా? రక్తనాళం మళ్లీ ఉబ్బుతోందా? ఆయన సిగరెట్లు తగ్గించారు గానీ మానలేదు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అయోర్టా పొట్టలో బాగా లోపల, వెన్నెముకను ఆనుకుని ఉంటుంది. అది ఉబ్బితే పడుకున్నంత మాత్రాన మాయం కాదు. మీరు చెప్పిన లక్షణాలు కోత దగ్గర వచ్చే హెర్నియాకు సరిపోతున్నాయి. పైన చర్మం చక్కగా మానినా, లోపల కుట్టిన గట్టి పొర విడిపోతే ఆ సందులోంచి కొవ్వు గానీ పేగు గానీ ముందుకు తోసుకొస్తుంది.

ఇంతమాత్రాన సర్జన్‌ను తప్పుపట్టకండి. పొట్ట మధ్యలో నిలువుగా కోసే ఆపరేషన్ ఏదైనా ఈ ముప్పు ఉంటుంది. అయితే అయోర్టా ఉబ్బినవారిలో ఇది మరీ ఎక్కువ. అదే రక్తనాళం పూడుకుపోయి, అదే కోతతో ఆపరేషన్ చేయించుకున్నవారి కంటే కూడా వీరిలోనే హెర్నియా ఎక్కువగా కనిపిస్తుంది. రక్తనాళం గోడకైనా, పొట్ట గోడకైనా బలాన్నిచ్చేది కొల్లాజెన్. వీరిలో ఆ కొల్లాజెన్ నాణ్యతే దెబ్బతిని ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు. పొగతాగడం దానికి ఆజ్యం పోస్తుంది. కాబట్టి రక్తనాళాన్ని ఉబ్బించిన బలహీనతే ఇప్పుడు కోత దగ్గర బయటపడి ఉండవచ్చు.

బెల్జియంలో ఇలాంటి 120 మంది రోగులతో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. మామూలుగా కుట్లు మాత్రమే వేసినవారిలో రెండేళ్లకు 28 శాతం మందికి హెర్నియా వచ్చింది. కుట్లతో పాటు ముందుజాగ్రత్తగా మెష్ (పొట్ట గోడకు దన్నుగా ఉండే వల) అమర్చినవారిలో ఒక్కరికీ రాలేదు. అందుకే ఓపెన్ ఆపరేషన్‌కు వెళ్లేవారు మెష్ గురించి సర్జన్‌ను ముందే అడగాలని గట్టిగా చెబుతాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఆయనను సర్జన్‌కు చూపించడం. వెల్లకిలా పడుకోబెట్టి, చేతుల ఆసరా లేకుండా తల ఎత్తమంటారు. అప్పుడు మచ్చ వెంట ఉబ్బు పైకి లేస్తుంది, వేళ్లతో తడిమితే విడిపోయిన పొర అంచు తగులుతుంది. సీటీ స్కాన్ తీస్తే ఆ సందు వెడల్పు తెలుస్తుంది. రక్తనాళానికి వేసిన గ్రాఫ్ట్ (కృత్రిమ గొట్టం) ఎలా ఉందో కూడా అందులోనే చూడవచ్చు, మీ రెండో అనుమానమూ తీరుతుంది.

నొప్పి లేని చిన్న హెర్నియాకు వెంటనే ఆపరేషన్ అవసరం లేకపోవచ్చు. గుండె, ఊపిరితిత్తుల పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. చేయాల్సి వస్తే మెష్‌తోనే సరిచేస్తారు. అంతకు కనీసం నాలుగు వారాల ముందే సిగరెట్ పూర్తిగా మానేయాలి. రోజుకు రెండే కదా అని సరిపెట్టుకోవద్దు, ఆ రెండు కూడా గాయం మానకుండా అడ్డుపడతాయి. దగ్గు, మలబద్ధకం, మూత్రానికి ముక్కాల్సి రావడం ఉంటే వాటికి చికిత్స చేయించండి. దగ్గు వచ్చినప్పుడు దిండును పొట్టకు అదిమి పట్టుకోమనండి. బెల్టు కొంత హాయినిస్తుంది గానీ హెర్నియాను నయం చేయదు. ఆస్పిరిన్ లాంటి మందులు వాడుతుంటే డాక్టర్ చెప్పకుండా ఆపవద్దు.

ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడినా, నొప్పి, వాంతులు మొదలైనా, గ్యాస్ పోవడం ఆగినా, చర్మం ఎర్రబడినా పేగు ఇరుక్కుపోయిందని అనుమానించాలి. బలవంతంగా లోపలికి నొక్కకండి, తిండీ నీళ్లూ ఇవ్వకండి. రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీరు అడగకపోయినా మరో మాట. అయోర్టా ఉబ్బు కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది. నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో 50 ఏళ్లు దాటినవారు ఒకసారి పొట్టకు అల్ట్రాసౌండ్ చేయించుకోవడం మంచిది. ఆ వయసు వచ్చాక మీరు కూడా చేయించుకోండి. పొగతాగేవారైతే అసలు వాయిదా వేయవద్దు.