హిప్నాసిస్ స్కోరు సంగతి తర్వాత, ముందు మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. టెన్షన్, నిద్ర పట్టకపోవడంతో ఎనిమిది నెలలు ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర 10 ఎంజీ వాడాను. హిప్నోథెరపీకి (హిప్నాసిస్‌తో చేసే చికిత్స) వెళ్తున్నా కదా అని మూడు వారాల క్రితం మానేశాను. అక్కడ హిప్నాసిస్‌కు ఎంత స్పందిస్తానో చూసే స్టాన్‌ఫర్డ్ టెస్టు చేస్తే 12కి 4 వచ్చింది, హిప్నాసిస్‌లోకి లోతుగా వెళ్లడం లేదు, ఇంకో 10 సిట్టింగులు కావాలన్నారు. ఈమధ్య తల తిరుగుతోంది. లోతు పెంచుకోవడం ఎలా?
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు లోతు గురించి అడిగారు గానీ, మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాత్రల విషయమే నన్ను కంగారు పెడుతోంది. ఎవర్ని అడిగి మానేశారండీ? ఎనిమిది నెలలు వాడిన మందు ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, వికారం, చిరాకు, పీడకలలు రావచ్చు, కొందరికి తలలో కరెంటు కొట్టినట్టు కూడా ఉంటుంది. మీ తల తిరుగుడు అదే అని చూడకుండా చెప్పలేను, బీపీ, షుగర్, రక్తహీనత కూడా చూసుకోవాలి. అలాగని ఇది చదివి ఈ రాత్రికే మళ్లీ మాత్ర వేసేసుకోకండి, అదీ సొంత వైద్యమే. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది తగ్గిందనో, వేరే వైద్యం దొరికిందనో ఆపేసి, బాగా ముదిరాక వస్తుంటారు, అప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇక ఆ నాలుగు. అది ఫెయిల్ మార్కు కాదు. వైట్జెన్‌హాఫర్, హిల్‌గార్డ్ అనే సైకాలజిస్టులు 1959లో మొదలుపెట్టిన పద్ధతి అది, 12 సూచనలిచ్చి ఎన్నిటికి స్పందించారో లెక్కపెడతారు. చెయ్యి ముందుకు చాపమని, బరువెక్కి కిందికి దిగిపోతోందని చెబుతారు. కాసేపట్లో చెయ్యి చెప్పినంత దిగితే ఒక మార్కు. 1962లో వచ్చిన రకంలోనైతే లేని దోమ చుట్టూ తిరుగుతోందంటారు, వాసన తెలియదని చెప్పి ముక్కు దగ్గర అమ్మోనియా సీసా పెడతారు. ఇవి చాలావరకు బయటికి కనిపించే స్పందనలు. లోపల మీకు ఎంత లోతుగా అనిపించిందన్నది వేరే సంగతి, దానికి మిమ్మల్నే ఒక అంకె చెప్పమని అడగాలి. రెండూ ప్రతిసారీ కలవాలని లేదు.

జనంలో ఎక్కువమంది మధ్య స్కోర్లలోనే ఉంటారు, మీరు దానికి కాస్త అటూ ఇటూ. స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థులుగా ఉన్నప్పుడు పరీక్షించినవాళ్లనే 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే స్కోర్లు పెద్దగా మారలేదు. అందుకే కేవలం అంకె పెంచడానికి 10 సిట్టింగులంటే నేనైతే డబ్బు కట్టనివ్వను. పైగా మీ టెన్షన్ ఎంత తగ్గిందో ఆ అంకె చెప్పదు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఆఫీసు పని చేసుకోగలుగుతున్నారా, నాకు కావాల్సినవి ఇవి. మీరు వాటి గురించి ఒక్క మాటా రాయలేదు.

హిప్నోథెరపీ వద్దనడం లేదు. అర్హత ఉన్నవాళ్ల దగ్గర, మీ డాక్టరుకు చెప్పి, మందుతో పాటుగా అయితే కొందరికి పనికొస్తుంది. పక్కన ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం లాంటివి ఎప్పుడైనా ఉంటే మాత్రం చెప్పకుండా కూర్చోకండి.

ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి, పాత చీటీ, మిగిలిన స్ట్రిప్పు పట్టుకెళ్లండి. మానేసిన తేదీ సరిగ్గా చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.