కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు జలుబు చేస్తే ఊళ్లో డాక్టరు చాలా?

తమ్ముడికి కిడ్నీ మార్చి ఎనిమిది నెలలైంది, మూడు రోజులుగా జలుబూ దగ్గూ ఉన్నాయి, జ్వరం లేదు, ఊళ్లో డాక్టరుకు చూపిస్తే చాలా అని అడిగారు. చాలదండీ. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు ఇవాళే ఫోన్ చేయండి. నాకు మా అమ్మ కిడ్నీ ఇచ్చి చాలా ఏళ్లయింది. ఈలోగా ఫ్లూ వచ్చింది, కోవిడ్ వచ్చింది, కిడ్నీ నిక్షేపంగా పనిచేస్తోంది. కాబట్టి అంత టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం మాత్రం చేయకండి.

జ్వరం లేదన్న ధీమా వద్దు. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా మనం వేసుకునే ప్రెడ్నిసొలోన్ లాంటి మందులు జ్వరాన్ని పైకి కనపడనివ్వకపోవచ్చు. 2020లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కోవిడ్ సోకిన 36 మంది కిడ్నీ మార్పిడి రోగుల వివరాలు అక్కడి డాక్టర్లు ప్రచురించారు. మొదట్లో జ్వరం కనిపించింది 21 మందికే. మూడు వారాలు తిరిగేసరికి 10 మంది పోయారు. ఇది టీకాలు రాకముందు సంగతి, పైగా వాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రిలో చేరాల్సినంత జబ్బు పడ్డవాళ్లు. ఇప్పుడు అంత ఘోరంగా లేదు.

ముక్కులో స్వాబ్ తీసి ఫ్లూనా, కోవిడా తేల్చుకోవడం ముఖ్యం. ఫ్లూ అయితే ఆ వైరస్‌కు ఇచ్చే మందు ఒసెల్టామివిర్ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మనలాంటివాళ్లకు రెండు రోజులు దాటినా ఇస్తారు, డోసు మాత్రం కిడ్నీ పనితీరును బట్టి డాక్టరే వేస్తారు. నాకు ఫ్లూ వచ్చినప్పుడు రోగనిరోధక శక్తిని అణచే మందుల్లో మైకోఫెనోలేట్ కొన్నాళ్లు సగానికి తగ్గించారు, మిగతా రెండు, ట్యాక్రోలిమస్ (ట్యాక్రో అంటాం), ప్రెడ్నిసొలోన్ అలాగే ఉంచారు. అది చదివి మీరే బిళ్లలు తగ్గించేయకండి! ఒంట్లో రోగనిరోధక శక్తి తిరగబడితే కొత్త కిడ్నీ మీదే పడుతుంది.

అసలు నన్ను ఎక్కువ భయపెట్టింది వైరస్ కాదు, చుట్టుపక్కలవాళ్ల వైద్యం. ఒళ్లునొప్పులని చెప్పగానే మా ఊరి ఆర్ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కించేశాడు. వద్దన్నాను. ఆ నొప్పి మందులు ట్యాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీకి చేటు, పారాసెటమాల్ చాలు. దగ్గుకని క్లారిత్రోమైసిన్ రాసినా, కోవిడ్‌కని ప్యాక్స్‌లోవిడ్ ఇచ్చినా రక్తంలో ట్యాక్రో లెవెల్ విపరీతంగా పెరుగుతుంది. ఆఖరికి పంపర పనస కూడా పెంచుతుంది. ఇక ఇమ్యూనిటీ పెరగాలని తిప్పతీగ కషాయం తెచ్చే పెద్దమ్మలుంటారు. వాళ్ల ప్రేమను కాదనలేం గానీ, మనం ఆ ఇమ్యూనిటీని అణచడానికే కదా రోజూ మందులు మింగేది!

జలుబు తగ్గాక కూడా వదిలేయకండి. రక్తంలో క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు; నాకు 1.3 ఉండేది ఆ ఫ్లూలో 1.7కి ఎక్కి, నెమ్మదిగా దిగింది. విరేచనాలైతే ట్యాక్రో లెవెల్ కూడా పెరగొచ్చు, అదీ చూపించుకోవాలి. ఆ పరీక్షకు నేను పొద్దున వేసుకోవాల్సిన బిళ్ల చొక్కా జేబులో పెట్టుకుని ల్యాబ్‌కు వెళ్తాను, రక్తం ఇచ్చాకే మింగుతాను. ముందే వేసుకుంటే లెక్క తప్పుతుంది. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా, ఆయాసం వచ్చినా, ఆక్సీమీటర్‌లో 94 కన్నా తగ్గినా ఫోన్లతో కూర్చోకుండా తీసుకెళ్లిపోండి. వైరస్ వెనకే బ్యాక్టీరియా, ఫంగస్ న్యుమోనియాలు వస్తాయి.

ఏటా ఫ్లూ టీకా ఇంట్లో అందరూ వేయించుకోండి. ముక్కులో కొట్టే లైవ్ టీకా మాత్రం తమ్ముడికి వద్దు.

ఫోన్ చేసేముందు చివరి క్రియాటినిన్, ట్యాక్రో రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న డోసుల చీటీ చేతిలో పెట్టుకోండి. నిన్నటి నుంచి మూత్రం ఎంత వచ్చిందో తమ్ముణ్ణి అడగండి. వాళ్లు మొదట అడిగేవి ఇవే.