చిన్న కాలేజీ ఫుట్‌బాల్ మీద వారం వారం రాయబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. మీ కాలేజీ పత్రికలో ఈ సీజన్ అమెరికన్ ఫుట్‌బాల్ కాలమ్ నీ చేతిలో పెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "దానికి క్రికెట్ తప్ప ఏం తెలుసని!" అని ఆవిడ బెంగ. డివిజన్ త్రీ (అమెరికా కాలేజీ ఆటల్లో చిన్న కాలేజీలుండే మూడో అంచె) ఆట గురించి రాయడానికి చిన్నప్పట్నుంచీ బంతి పట్టి ఉండనక్కర్లేదు. కూర్చుని లెక్క చూసే ఓపిక ఉంటే సగం పని అయినట్టే. పెద్ద యూనివర్సిటీల మ్యాచ్‌ల మీద మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. మీ కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా మీతో ఆడే కాలేజీల గుంపులో, శనివారం జరిగే నాలుగైదు మ్యాచ్‌ల గురించి మాత్రం ఆయా కాలేజీలు విడుదల చేసే ప్రకటన తప్ప పెద్దగా ఎవరూ ఏమీ రాయరు. నువ్వు తప్పు రాస్తే పట్టుకునేవాళ్లూ తక్కువే, ఆ తప్పు అలాగే నిలిచిపోతుంది. ముందు ఈ భయం పెట్టుకో, శైలి సంగతి తర్వాత చూసుకుందువుగాని.

స్కోరు శనివారం సాయంత్రానికే అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది. "మొదటి క్వార్టర్లో వీళ్లు టచ్‌డౌన్ చేశారు, రెండో క్వార్టర్లో వాళ్లు బదులిచ్చారు" అంటూ మళ్లీ వరసగా చెప్పుకుపోతే చదివేవాళ్లకు దక్కేదేమీ లేదు. ఆ స్కోరు ఎందుకలా వచ్చిందో చెప్పు. దానికి ముందు తెరవాల్సింది బాక్స్ స్కోర్ (మ్యాచ్ లెక్కల పట్టిక) మొదటి పేజీ కాదు, అడుగున ఉండే డ్రైవ్ చార్ట్. బంతి ఒక జట్టు చేతికి వచ్చిన ప్రతిసారీ ఒక డ్రైవు.

అందులో ఒక్కో జట్టుకు సుమారు 11 నుంచి 14 వరసలుంటాయి. బంతి ఎక్కడ దొరికింది, ఎన్ని ప్లేలు ఆడారు, ఎన్ని యార్డులు కదిలారు, చివరికి పంటా (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు వదిలేయడం), టచ్‌డౌనా (మైదానం చివరి ఎండ్‌జోన్‌లోకి బంతి చేర్చి ఆరు పాయింట్లు), పోగొట్టుకున్నారా, అన్నీ అక్కడే ఉంటాయి. హాఫ్ చివర మోకాలు ఆనించి గడియారం కరిగించిన డ్రైవులు కొట్టేయ్. మిగిలినవాటిలో ప్రతి డ్రైవు ఎక్కడ మొదలైందో సగటు తియ్యి. కిక్ ఎండ్‌జోన్‌లో ఆగిపోతే బంతి 25వ యార్డు మీద పెడతారు కదా, దాన్ని కొలబద్దగా పెట్టుకో. ఒక జట్టు సగటున తన వైపు 38వ యార్డు గీత నుంచి, రెండోది తన 24 నుంచి మొదలెట్టిందనుకో. డ్రైవుకు 14 యార్డుల తేడా, పన్నెండు డ్రైవులకు 168 యార్డులు. ఈ 168 యార్డులు ఏ మొత్తంలోనూ కనబడవు. మొత్తం యార్డుల్లో వెనకబడిన జట్టు గెలిస్తే మొదట వెతకాల్సిన చోటు ఇదే. అక్కణ్నుంచి వెనక్కి వెళ్లు: ఆ తేడా తెచ్చింది బంతిని పంట్ చేసే పంటరా, దాన్ని పట్టి రిటర్న్ ఆడిన కుర్రాడా, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ ఎదుటివాళ్ల చేతికిచ్చిన ఇంటర్‌సెప్షన్లా? కాలమ్‌కు మొదటి పేరా అక్కడ దొరుకుతుంది.

తర్వాత ఎదుటివాళ్ల 40 యార్డుల గీత దాటిన డ్రైవులు ఎన్నో, వాటిలో ఎన్ని పాయింట్లు వచ్చాయో లెక్కపెట్టు. ఆరుసార్లు దాటి 13 పాయింట్లతో సరిపెట్టుకున్న జట్టు ఓడితే ఆశ్చర్యం లేదు. ఈ స్థాయిలో చాలా జట్లకు 40 యార్డులు దాటిన ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు) అంటే జూదమే. కాబట్టి ఎదుటివాళ్ల 33 మీద (అక్కణ్నుంచి తన్నితే సుమారు 50 యార్డులు) నాలుగో డౌన్‌కు, అంటే పది యార్డులు కదలడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిదానికి, 4 యార్డులు కావాల్సి వస్తే కోచ్ తన్నించకుండా ఆడించడం తెగింపేమీ కాదు, అతనికి వేరే దారి లేదు. టీవీలో ప్రొఫెషనల్ ఆట చూసి అలవాటైనవాళ్లు ఇక్కడే తొందరపడి కోచ్‌ను తిడతారు.

ఇక అందరూ బోల్తాపడే గుంట ఒకటుంది. కాలేజీ లెక్కల్లో శాక్‌లో (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను వెనకే పడేయడం) పోయిన యార్డులు రన్నింగ్ ఖాతాలో పడతాయి. ప్రొఫెషనల్ లీగ్‌లోలాగా పాసింగ్ నుంచి తీసేయరు. ఒక జట్టు 38 రన్‌లలో 95 యార్డులు చేసిందని పేజీలో ఉందనుకో. రన్‌కు 2.5. "రన్నింగ్ పూర్తిగా చతికిలబడింది" అని రాసేస్తావు. ప్లే-బై-ప్లే, అంటే ఒక్కో ప్లే చిట్టా, చూస్తే అందులో 5 శాక్‌లు, 35 యార్డుల నష్టం. అవి తీసేస్తే 33 రన్‌లలో 130 యార్డులు, రన్‌కు దాదాపు 4. రన్నింగ్ బాగానే ఉంది, తూట్లు పడింది పాస్ విసిరేవాణ్ని కాచే రక్షణకు. అదే జట్టు 30 పాస్‌లలో 210 యార్డులు, అంటే పాస్‌కు 7 చేసినట్టు కనబడుతుంది. శాక్‌లు కలిపితే 35 ప్రయత్నాల్లో 175, అంటే 5 మాత్రమే. ఒకే మ్యాచ్ గురించి తిరగబడిన రెండు కథలు! "టీమ్" అనే పేరు మీద ఉన్న రన్‌లు కూడా చూడు. తలమీంచి పోయిన స్నాప్‌లు (ప్లే మొదట్లో బంతిని వెనక్కి అందించడం), మోకాలు ఆనించిన ప్లేలు అందులో ఉంటాయి. వాటినీ పక్కనపెట్టాకే ఆటగాళ్ల గురించి మాట్లాడు.

సమయం ఉంటే ప్రతి ప్లేకు సఫలమా విఫలమా అని టిక్కు పెట్టుకో. మొదటి డౌన్‌లో కావాల్సిన యార్డుల్లో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు నాలుగు డౌన్‌లలో మొత్తం వస్తే సఫలం. ఒక మ్యాచ్‌కు గంట పడుతుంది. వారానికి ఒక్క మ్యాచ్‌కే చెయ్యి, మీ కాన్ఫరెన్స్‌లో అన్నిటికంటే ముఖ్యమైనదానికి. ఇలా చూస్తే ఒకే ఒక్క 80 యార్డుల పరుగు మొత్తం సగటును ఎలా ఉబ్బించిందో బయటపడుతుంది. మూడో డౌన్‌లో పన్నెండింట రెండే గెలిచారని విమర్శించేముందు ఒక్కోసారి ఎన్ని యార్డులు కావాల్సి వచ్చిందో చూడు. మూడో డౌన్‌కు సగటున 9 యార్డులు మిగిలితే తప్పు మొదటి డౌన్‌లో ఉంది.

తేడా ఎక్కువున్న మ్యాచ్‌లు ఇక్కడ బోలెడు. జాబితాలో వందమందికి పైగా ఉండే జట్లు మూడో క్వార్టర్‌కే రెండో వరస కుర్రాళ్లను దింపేస్తాయి. తేడా 25 అయ్యిందంటే ఎదుటివాళ్లు కనీసం నాలుగుసార్లు స్కోరు చేయాలి. నాలుగో క్వార్టర్లో ఆ గీత దాటాక జరిగింది వేరే ఖాతాలో రాసుకో. చివర్లో వచ్చిన రెండు టచ్‌డౌన్లు చూసి "పోరాడి ఓడారు" అనడం ఓడినవాళ్లకు కూడా ఇబ్బందిగానే ఉంటుంది, వాళ్లకు నిజం తెలుసు.

బంతి ఎంతసేపు ఎవరి దగ్గరుందన్న లెక్కకు పెద్ద విలువివ్వకు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటి ట్రిపుల్ ఆప్షన్ (పాస్‌లకంటే రన్‌ల మీదే ఆధారపడే పద్ధతి) జట్టు చేతిలో బంతి ఎక్కువసేపు ఉంటే అది వాళ్ల ఆట తీరు, ఆధిపత్యానికి రుజువు కాదు. పాత సీజన్లతో పోల్చేటప్పుడు ఇంకో సంగతి. ప్రతి హాఫ్ చివరి రెండు నిమిషాలు తప్ప పది యార్డులు పూర్తయి కొత్తగా ఫస్ట్ డౌన్ వచ్చినప్పుడు గడియారం ఆపకూడదన్న నిబంధన పై డివిజన్లలో 2023లోనే వచ్చింది, డివిజన్ త్రీకి 2024లో వచ్చింది. అందుకే మ్యాచ్ మొత్తాలు కాకుండా ప్లేకు ఎన్ని యార్డులు, డ్రైవుకు ఎన్ని పాయింట్లు అన్నవి పోల్చు.

ఓవర్‌టైమ్ స్కోరుతో జాగ్రత్త. రెండు జట్లకూ చెరోసారి ఎదుటివాళ్ల 25 మీద బంతినిస్తారు. రెండో ఓవర్‌టైమ్ నుంచి టచ్‌డౌన్ తర్వాత రెండు పాయింట్లకే ప్రయత్నించాలి, మూడో దాని నుంచి ఇక ఆ రెండు పాయింట్ల ప్లేలే. 41-39 అని చూసి రెండు డిఫెన్స్‌లూ చేతులెత్తేశాయని రాయకు. అసలు సమయంలో 24-24 అయి ఉండొచ్చు.

పేర్ల విషయంలో నాకు చాదస్తం ఎక్కువే అనుకో, ఫరవాలేదు. కాలేజీ ఆటలో ఒకే నంబరు ఇద్దరికి ఉండొచ్చు, ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉండకూడదంతే. అంతమంది ఉన్న జట్టులో అది తప్పదు. లెక్కలు రాసే విద్యార్థి ఒకరి క్యాచ్‌ను ఇంకొకరి పేర వేసేస్తాడు. మూడో వరస రిసీవర్‌కు హఠాత్తుగా 60 యార్డుల టచ్‌డౌన్ కనిపిస్తే వీడియోలో ఎత్తూ లావూ చూసి నిర్ధారించుకో. టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ని పడగొట్టడం) లెక్కలో సొంత మైదానం వాళ్లు కాస్త ఉదారంగా ఉంటారు, సహాయ టాకిల్స్ మరీనూ. "18 టాకిల్స్" అని ఉంటే సొంతంగా చేసినవెన్నో విడిగా రాయి. కాలేజీల పేర్లయితే చెప్పనే అక్కర్లేదు. ట్రినిటీ అంటే కనెటికట్‌దా టెక్సస్‌దా? వెస్లియన్ అంటే ఒట్టి వెస్లియనా, ఒహాయో వెస్లియనా, ఇల్లినాయ్ వెస్లియనా? వాషింగ్టన్ అండ్ లీ, వాషింగ్టన్ అండ్ జెఫర్సన్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ మూడూ వేర్వేరు. మొదటిసారి రాసేటప్పుడు రాష్ట్రం పేరు తప్పకుండా చేర్చు.

పాత రికార్డులు ఎక్కడినుంచో ఎత్తి రాసేటప్పుడు తేదీ చూడు. 2017లో మినియాపొలిస్‌లో సెయింట్ థామస్, సెయింట్ జాన్స్ జట్ల మ్యాచ్‌కు 37,355 మంది వచ్చారు. అదే డివిజన్ త్రీ రికార్డని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. 2019లోనే కార్ట్‌లండ్, ఇథాకాల మ్యాచ్‌కు మెట్‌లైఫ్ స్టేడియంలో 45,161 మంది వచ్చి దాన్ని దాటేశారు. పైగా సెయింట్ థామస్ 2021లో డివిజన్ వన్‌కు వెళ్లిపోయింది. ఇలాంటి పాత వైరాల వారం, అంటే డిపావ్, వాబాష్ జట్లు మోనన్ గంట అనే ట్రోఫీ కోసం తలపడే వారంలాంటిది, చరిత్రతో కాలమ్ నింపేయాలనిపిస్తుంది. రెండు వాక్యాలు చాలు, మిగతాది ఈ ఏటి జట్లకివ్వు.

చివరి ప్లే ఎంత వింతదైనా దాన్నే మొత్తం కాలమ్ చేయకు. 2007లో టెక్సస్ ట్రినిటీ, మిల్‌సాప్స్ మీద 15 సార్లు బంతి చేతులు మార్చుకుంటూ 61 యార్డులు వెళ్లి 28-24తో గెలిచింది. దేశమంతా ఆ వీడియో చూసింది. అలాంటిది నీ కళ్లముందు జరిగితే వర్ణించు, కానీ ఆ ఒక్క ప్లే దూరంలో ఉండేలా అంతకుముందు మ్యాచ్‌ను ఎవరు పట్టి ఉంచారో కూడా చెప్పు.

కోచ్ నిర్ణయాన్ని ఫలితం బట్టి తూచకు. 2023 స్టాగ్ బౌల్‌లో, అంటే డివిజన్ త్రీ ఫైనల్లో, నార్త్ సెంట్రల్ చివర్లో టచ్‌డౌన్ చేసి 38-37కు చేరింది. ఒక పాయింట్ తన్ని సమం చేయకుండా గెలుపు కోసం రెండు పాయింట్లకు వెళ్లింది. కుదరలేదు, కార్ట్‌లండ్‌కు తొలి టైటిల్ దక్కింది. ఆ రోజు నువ్వు రాయాల్సి వస్తే ఎంత సమయం మిగిలింది, ఎదుటి జట్టు దాడి ఎలా సాగుతోంది, ఓవర్‌టైమ్‌కు వెళ్తే ఎవరికి మొగ్గు, ఇవన్నీ ఆ క్షణానికి తెలిసినవాటితోనే తూచాలి. నా మటుకు నేను అది తప్పనను.

"వీళ్లు వాళ్లను ఓడించారు, వాళ్లు ఫలానావాళ్లను ఓడించారు, కాబట్టి..." అన్న గొలుసు జోలికి వెళ్లకు. సీజన్‌కు సాధారణంగా పది మ్యాచ్‌లు, అందులో చాలావరకు సొంత కాన్ఫరెన్స్‌లోనే. బయటివాళ్లతో ఆడేవి కొన్నే. సెప్టెంబర్‌లో జరిగే ఆ కొద్ది మ్యాచ్‌లే కాన్ఫరెన్స్‌లను కలిపే దారాలు, వాటిని శ్రద్ధగా రాసిపెట్టుకో, నవంబర్‌లో అక్కరకొస్తాయి. ప్లేఆఫ్‌కు 2024 నుంచి 40 జట్లు వెళ్తున్నాయి, అంతకుముందు 32. కాన్ఫరెన్స్ విజేతలకు నేరుగా చోటు, మిగతావాళ్లకు ఎన్‌పీఐ అనే లెక్క. అందులో గెలుపోటములతోపాటు ఎదుటివాళ్ల బలం కూడా ఉంటుంది. ఎనిమిదో వారం నుంచి ఎవరు ఎవరిని ఓడిస్తే ఎవరికి చోటు దక్కుతుందో ఒక పేరా కేటాయించు. అంతకుముందు రాస్తే ఊహాగానమే.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన మాట. వీళ్లెవరికీ ఆట కోసం స్కాలర్‌షిప్ లేదు. మంగళవారం నీ పక్కన కెమిస్ట్రీ ల్యాబ్‌లో నిలబడేది శనివారం బంతి జారవిడిచిన కుర్రాడే. తప్పు రాయొద్దని కాదు, తప్పు జరిగిన ప్లేను రాయి, మనిషి స్వభావం మీద వ్యాఖ్య వద్దు. "మూడో క్వార్టర్లో రెండు స్నాప్‌లు తలమీంచి పోయి 31 యార్డులు నష్టపోయారు" చాలు. గాయాల విషయంలో కాలేజీ ప్రకటించినదీ, మైదానంలో అందరూ చూసినదీ తప్ప ఏదీ రాయకు. హాస్టల్లో విన్నది అసలే వద్దు. పందెగాళ్లకు లోపలి సమాచారం ఇవ్వడం ఆటగాళ్లకు నిషేధం. ఎవరైనా "ఈ వారం క్వార్టర్‌బ్యాక్ ఆడతాడా?" అని నిన్ను ఆరా తీస్తే జవాబివ్వకు.

వారం ఇలా పంచుకో. శనివారం మ్యాచ్ చూస్తూ గాలి ఏ వైపు వీస్తోందో, క్వార్టర్ మారినప్పుడు ఎవరికి ఎదురైందో రాసుకో, అది బాక్స్ స్కోర్‌లో సరిగా ఉండదు. ఆదివారం పొద్దున లెక్కలు, మధ్యాహ్నం వీడియోలో ఒక పది ప్లేలు. కోచ్‌తో మాట్లాడే వీలుంటే "ఎలా అనిపించింది" అనకుండా, "రెండో క్వార్టర్లో మూడో డౌన్‌కు రెండు యార్డులున్నప్పుడు టైట్ ఎండ్ ఆటగాణ్ని ఎందుకు తీశారు" అని అడుగు. కోచ్‌లు అలాంటి ప్రశ్నకే నోరు విప్పుతారు. లెక్కల్లో తప్పు కనిపిస్తే స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ ఆఫీసుకు క్వార్టరూ, గడియారం సమయమూ రాసి మర్యాదగా పంపు. ఇరవై ఆటల భారం ఒకరిద్దరి నెత్తిన ఉండే ఆఫీసది. సోమవారం సవరించిన లెక్క చూసుకుని అచ్చుకివ్వు. ఎనిమిది వందల పదాలు మించనీకు: ముఖ్యమైన మ్యాచ్‌కు సగం, మిగతావాటికి మూడేసి వాక్యాలు, వచ్చే శనివారం మీద ఒక పేరా. జోస్యం చెప్పేటట్టయితే స్కోరుతో సహా చెప్పు, తర్వాతి వారం ఎన్ని తప్పాయో నువ్వే పైన వేసుకో.

మొదటి కాలమ్ ఆదివారం రాత్రి నాకు పంపు. డ్రైవ్ చార్ట్ కూడా జతచెయ్యి, లేకపోతే నేను చదవను.

మీ పెదనాన్న