నవ్వూ జబ్బూ ఒకే సీనులో: ఒక యువ రచయిత్రికి లేఖ

విజయవాడ

అమ్మాయికి,

ఆశీస్సులు. గుంటూరు నుంచి నువ్వు పంపిన స్క్రిప్టును మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు శ్రద్ధగా చదివాను. ప్రేమను, హాస్యాన్ని, ప్రాణాల మీదికి తెచ్చే జబ్బును ఒకే కథలో నడపాలనుకోవడం సాహసమే గాని, చేయదగిన సాహసం. నీ సంభాషణల్లో చమత్కారం ఉంది; కథానాయిక పెద్దమ్మ నోరు విప్పిన ప్రతిచోటా అచ్చమైన కొత్తపేట మాట వినిపించింది. అయితే కథకు ఆధారమైన జబ్బు విషయంలోనే నాకు గట్టి అభ్యంతరం ఉంది, ఈ ఉత్తరం దాని గురించే.

నీ కథలో ఇంటర్వెల్ దాకా ఆ అమ్మాయికి కిడ్నీలు చెడిపోయాయన్న సంగతి ఎవరికీ తెలియదు. ఫస్టాఫ్ అంతా నవ్వులు, ఇంటర్వెల్‌లో ఆమె స్పృహ తప్పి పడిపోవడం, సెకండాఫ్ అంతా కన్నీళ్లు, క్లైమాక్స్‌లో హీరో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పరుగెత్తుకుంటూ పోయి ఆ పూటే కిడ్నీ ఇచ్చేయడం. నవ్వించిన భాగానికి జబ్బు తెలియదు, ఏడిపించిన భాగానికి నవ్వు తెలియదు. రెండు వేర్వేరు సినిమాలు రాసి మధ్యలో ఇంటర్వెల్ కార్డు వేశావు.

మనవాళ్లు జబ్బు ప్రేమకథలను కొత్తగా చూడబోవడం లేదు. 1981లో వచ్చిన ‘ప్రేమాభిషేకం’లో క్యాన్సర్ వచ్చిన నాయకుడు ప్రియురాలు తనను అసహ్యించుకునేలా చేసుకున్నాడు; 1989లో ‘గీతాంజలి’ ప్రేమికులిద్దరికీ ఆయుష్షు లేదు. ఆ కథల్లో జబ్బు అంటే గడువు. నువ్వు ఎంచుకున్న కిడ్నీ జబ్బు అలాంటిది కాదు. యంత్రంతో రక్తాన్ని శుభ్రం చేసే డయాలసిస్ చేయించుకుంటూ ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పిల్లల్ని చదివించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు జబ్బు ఒక దినచర్య. హాస్యానికి కావలసింది దినచర్యే కనుక, నువ్వు దాచిపెట్టిన జబ్బులోనే నీకు కావలసిన కామెడీ అంతా ఉంది. అందుచేత దాన్ని మొదటి సీనులోనే ప్రేక్షకుడి ముందు పెట్టు. హీరోకు ఎప్పుడు తెలియాలన్నది తరువాతి సంగతి.

ఆ అమ్మాయి డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున, సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి మంచం మీద ఉండాలి. మిగిలిన రోజుల్లోనే ఆమె ఉద్యోగం, సినిమా, ప్రేమ. ఆమె ఎడమ ముంజేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టిన ఫిస్టులా ఉంటుంది. సూదులు గుచ్చేది అక్కడే. దాని మీద వేలు ఆనిస్తే రక్తం పరుగు అదురుగా తెలుస్తుంది, చెవి ఆనిస్తే సన్నని హోరు వినిపిస్తుంది. ఆ అదురు ఆగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి కాబట్టి ప్రతి ఉదయం ముందుగా వేలు పెట్టి చూసుకుంటుంది. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, రక్తం తీయకూడదు, బరువు మోయకూడదు, బిగుతు గాజులు వేయకూడదు. ఇక ఆలోచించు: మే నెల ఎండల్లో పూర్తి చేతుల జాకెట్టు వేసుకుని వన్‌టౌన్ గాజుల దుకాణంలో కూర్చున్న ఈ అమ్మాయి, రెండు చేతులకూ నిండుగా వేయించాలని పట్టుబట్టే కాబోయే అత్తగారు, ఎడమ చెయ్యి ముందుకు రాకపోవడానికి ఒకదాని వెంట ఒకటిగా పుట్టుకొచ్చే అబద్ధాలు. ఆ సీనులో ప్రేక్షకుడు పగలబడి నవ్వుతాడు, ఆ చేతికి ఏమవుతుందోనన్న భయం కూడా పడతాడు. ఇంటర్వెల్‌లో ఆమెను పడగొట్టకుండానే నీకు ఆ రెండూ దక్కుతాయి. హీరో మొదటిసారి ఆ చేతికి చెవి ఆనించే సీనుకు పాట అక్కరలేదు, డైలాగు అసలే వద్దు.

తిండి సంగతి నువ్వు పూర్తిగా వదిలేశావు. గుంటూరు అమ్మాయివై ఉండి ఇది ఎలా వదిలావా అని ఆశ్చర్యపోయాను. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఉప్పు తగ్గించాలి, అంటే ఆవకాయ, గోంగూర పచ్చడి దాదాపు దూరమైనట్టే. నీళ్లు కూడా కొలిచి తాగాలి, కాఫీ, మజ్జిగ, పులుసు అన్నీ ఆ కొలతలోకే వస్తాయి. రోహిణీ కార్తెలో బెజవాడలో దాహం వేస్తే చిన్న ఐసు ముక్క చప్పరించి ఊరుకోవాలి. చాటుగా రెండు గ్లాసులు ఎక్కువ తాగితే, తరువాతి డయాలసిస్‌కు ముందు ఎక్కించే తూకం యంత్రం చాడీలు చెప్పే చుట్టంలా బయటపెట్టేస్తుంది. మన ఇళ్లలో ఒంట్లో బాగాలేదంటే వచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరి బొండాలు, అరటిపళ్లు పట్టుకొస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ, అది ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఏమీ తెలియని హీరో ప్రేమగా చేసే మొదటి పని బందరు రోడ్డు పక్కన బండి ఆపి బొండం కొట్టించి ఇవ్వడమైతే, ఆ అమ్మాయి దాన్ని ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు నువ్వు రాసే జవాబులోనే ఆమె స్వభావం తెలిసిపోతుంది.

క్లైమాక్స్ మాత్రం మొత్తం తీసేసి మళ్లీ రాయాలి. ఒక్క పూటలో కిడ్నీ ఇవ్వడం కుదరదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు దగ్గరి బంధువులు. 2011 సవరణతో తాతలు, అమ్మమ్మ, నానమ్మలు, మనవలు కూడా చేరారు. మేనమామ, బావ మన ఇళ్లలో ఎంత దగ్గరివాళ్లయినా ఆ జాబితాలో లేరు. ప్రేమించినవాడు కూడా లేడు. అలాంటివాళ్లు ఇవ్వాలంటే అనుమతి కమిటీ ముందు కూర్చోవాలి. ఇందులో డబ్బు వ్యవహారం లేదని, వీళ్ల మధ్య ఉన్నది నిజమైన అనుబంధమేనని కమిటీ నిర్ధారించుకోవాలి. ఇద్దరూ కలిసి ఉన్న పాత ఫొటోలు కూడా చూస్తుంది. సినిమా అంతా ఇంట్లో తెలియకుండా ప్రేమించుకుని, ప్రకాశం బ్యారేజీ మీద దిగిన ఫొటోలను కూడా ఫోన్లలోంచి తుడిచేసిన జంట, ఇప్పుడు అధికారుల ముందు తమ ప్రేమకు రుజువు చూపించాలి. పక్కనే నీ కథలోని పెద్దమ్మ కూర్చుని ఉంటుంది. ఇంతకంటే మంచి రొమాంటిక్ కామెడీ క్లైమాక్స్ నాకు తోచడం లేదు, పైగా దీన్ని చట్టమే నీ చేతికి అందించింది. పెళ్లి చేసుకుంటే అతను చట్టం దృష్టిలో దగ్గరి బంధువవుతాడు. అప్పుడు ‘నన్ను ప్రేమించి చేసుకుంటున్నావా, కిడ్నీ ఇవ్వడానికి చేసుకుంటున్నావా’ అని ఆమె అడగకుండా ఉండలేదు. అక్కడ తొందరపడవద్దు, వాళ్లను బాగా పోట్లాడుకోనివ్వు. కిడ్నీ మార్చిన తరువాత కూడా జీవితాంతం మందులు వాడాలి కనుక, ఆపరేషన్ థియేటర్ తలుపు మీద శుభం కార్డు వేయకు.

ఎవరి మీద నవ్వాలన్నది కూడా తేల్చుకో. నీ స్క్రిప్టులో పక్క మంచం పెద్దాయన వాచిన కాళ్ల మీద రాసిన కామెడీ ట్రాక్ నన్ను బాధపెట్టింది, దాన్ని తీసెయ్యి. తన కాళ్ల గురించి ఆయనే జోకు వేస్తే ఉంచు. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో ఎన్నో కుటుంబాలు ఈ జబ్బుతో బతుకుతున్నాయి, వాళ్లు కూడా టికెట్టు కొని నీ సినిమాకు వస్తారు.

రాయడానికి ముందు ఏదైనా డయాలసిస్ కేంద్రంలో అనుమతి అడిగి, ఒక షిఫ్టు మొత్తం కూర్చో. రోగుల కంటే వెంట వచ్చినవాళ్లను ఎక్కువగా గమనించు; ఆ నాలుగు గంటలు వాళ్లు ఏం మాట్లాడుకుంటారో, టిఫిన్ డబ్బాలో ఏం తెచ్చుకుంటారో, ఎవరు ఎవరికి చాటుగా తినిపిస్తారో రాసుకో. స్క్రిప్టు మొత్తం ఇప్పుడే తిరగరాయవద్దు. ముందు గాజుల దుకాణం సీను, కమిటీ సీను, ఈ రెండే రాసి పంపు. కమిటీ సీనులో పెద్దమ్మ చేత కనీసం ఒక పేజీ మాట్లాడించు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దాయన